మూడో ఆల్బమ్ నాకిష్టమన్నాను

భయపడటాన్ని రెండో ఉద్యోగంగా చేసిన రోజులవి. మొదటి ఉద్యోగం అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నాకు ఇరవై నాలుగేళ్లు. పోస్టుడబ్బాలో కవరు కనిపిస్తే భయం, కనిపించకపోతే ఇంకా భయం. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో నా వంతు వచ్చినా సరే అందరికీ చెయ్యూపి దారి ఇచ్చేసి, వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా అక్కడే ఉండిపోయేదాన్ని. (కొట్టాక అద్దంలోంచి దణ్ణం పెట్టేదాన్ని. దాన్ని వాళ్లు ఎలా అర్థం చేసుకునేవారో ఇప్పటికీ తెలియదు.) ఆ భయాలన్నిటికీ పెద్దక్కలాంటిది వీసా ఎక్స్‌టెన్షన్. దానికి నేను పనిచేసే చోట మేనేజరు సంతకంతో, ఈ అమ్మాయి మా దగ్గరే పనిచేస్తోందని చెప్పే ఒక క్లయింట్ లెటర్ కావాలి. ఆ మేనేజరుకి అరవై దాటాయి. నెరిసిన గడ్డం, ఆరడుగుల పైన ఎత్తు. ఇంటి నిండా పాత రికార్డులేనని ఆఫీసులో చెప్పుకునేవారు. నాతో అపార్ట్‌మెంట్ పంచుకున్న వరంగల్ అక్క, మనిషిని చూడకుండానే, ఆయనకు 'రికార్డుల మామ' అని పేరు పెట్టేసింది. ఇంట్లో మేం అలాగే అనేవాళ్లం.

ఆఫీసు లంచ్ రూమ్‌లో రోజూ ఒకటే గొడవ. ఎప్పుడో అక్కడి పెద్దవాళ్ల కుర్రతనంలో వచ్చిన ఒక రాక్ బ్యాండ్ గురించి. (పేరు చెప్పను. అభిమానులు ఇంకా ఉన్నారు, వాళ్లకి ఓపిక కూడా ఉంది.) ఆ బ్యాండ్ మొత్తం చేసినవి నాలుగు ఆల్బములు. మొదటిదే అసలైన సంగీతమని ఒక జట్టు. చేయి తిరిగింది రెండోదాంట్లోనని ఇంకో జట్టు. నాలుగోదానికీ ఇద్దరు ముగ్గురు ఉండేవారు. మా ఇంట్లో ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అని పెద్దమ్మా పిన్నీ ఏటా ఎంత పట్టుదలగా వాదించుకునేవారో, వీళ్లూ అలాగే ఫోర్కులు పైకెత్తి వాదించుకునేవారు. నేను ఓ మూల తలొంచుకుని పెరుగన్నం తినేసి లేచిపోయేదాన్ని. అలాంటిది ఒక సోమవారం, రికార్డుల మామ ఉన్నట్టుండి నావైపు తిరిగి, "నువ్వెప్పుడూ మాట్లాడవే. వీటిలో నీకేది ఇష్టం?" అని అడిగారు.

తెలియదనొచ్చు. ఆ మాట నాకు తట్టనేలేదు. తెలియదంటే చేతకాదని అనుకుంటారని మా కాలేజీలో నేర్పి పంపారు. బుర్ర గబగబా లెక్క వేసింది. మొదటిదంటే రెండో జట్టుకి కోపం, రెండోదంటే మొదటి జట్టుకి కోపం, నాలుగోదంటే ఇద్దరికీ. ఎవరి నోటా రానిది మూడోది ఒక్కటే. "మూడోదండి" అన్నాను.

గదిలో ఫోర్కులు ఆగిపోయాయి. మైక్రోవేవ్ పని పూర్తయిందని మూడుసార్లు కూసింది, ఎవరూ లేవలేదు. రికార్డుల మామ మాత్రం నన్ను చాలాసేపు చూసి, "ఇరవై ఏళ్లుగా ఈ మాట అనే ఇంకో మనిషి కోసం ఎదురుచూస్తున్నాను" అన్నారు. తర్వాత నాకు తెలిసిందేమిటంటే, మూడో ఆల్బమ్ అందరూ కలిసికట్టుగా అసహ్యించుకునే ఆల్బమ్. బ్యాండ్ వాళ్లే సిగ్గుపడి దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టనివ్వలేదట. దాన్ని ప్రేమించేది ప్రపంచంలో రికార్డుల మామ ఒక్కరే, ఇప్పుడు తోడుగా నేను.

మర్నాడు పొద్దున్నే ఆయన నా డెస్క్ దగ్గరకి ఒక సీడీ పట్టుకొచ్చారు. "నీ కాపీ ఇండియాలోనే ఉండిపోయి ఉంటుంది కదా" అన్నారు. నేను తలూపాను. (సాకు కూడా ఆయనే ఇచ్చారని గమనించగలరు.) వచ్చే శనివారం వాళ్లింట్లో ఏటా జరిగే సభ అట. పాత స్నేహితులు ఓ డజను మంది చేరి, ఎవరి ఆల్బమ్ తరఫున వాళ్లు వాదిస్తారట. "ఈసారి నేను ఒంటరిని కాదు. నువ్వు రావాలి" అని చెప్పి, పాతికేళ్ల కుర్రాడిలా ఈల వేసుకుంటూ వెళ్లిపోయారు.

సాయంత్రం అక్కకి అంతా చెప్పాను. అక్క చపాతీ కాలుస్తూ విన్నది.

"క్లయింట్ లెటర్ ఆయన చేతిలనే ఉన్నదా?"

"ఆయన సంతకమే కావాలక్కా."

"అయితే పోవుడే. కని నెట్ల చదివి చెప్పకు, దొరికిపోతవ్. గా సీడీ మంచిగ విను. నీకేమనిపిస్తే గదే చెప్పు."

మా ఇంట్లో సీడీ పెట్టుకునే చోటు నా పాత కారొక్కటే. అంతవరకు అందులో ట్రాఫిక్ వార్తలు తప్ప ఏమీ వినలేదు. ఆ వారమంతా వెళ్తూ వస్తూ అదే విన్నాను. ఒక గిటార్ తీరిగ్గా, ఎవరికీ చెప్పకుండా తనలో తను మాట్లాడుకుంటున్నట్టు సాగేది. వెనక పక్కగదిలో మంచం జరుపుతున్నట్టు డ్రమ్ములు. గాయకుడు ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అని చూసేదాన్ని, రాడు. ఎక్కడో నూతిలోంచి పిలిచినట్టు చిన్న గొణుగుడు, అంతే. బుధవారం అక్కని సరుకులకి తీసుకెళ్తూ వినిపించాను. రెండు మైళ్లు వెళ్లాక, "పాట ఎప్పుడు మొదలైతది?" అంది. ఇదే పాటన్నాను. "గిట్లనా" అని కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చుంది. కానీ శుక్రవారానికి నాకేదో పట్టుబడింది. ఒక పాట నచ్చింది కూడా. వేళ్లతో స్టీరింగ్ మీద తాళం వేస్తూ, రేపు ఏం చెప్పాలో పైకే వల్లించుకున్నాను.

శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లేసరికి అంతా చేరిపోయారు. అందరూ మా నాన్న వయసువాళ్లు, ఇంకా పైవాళ్లు. వాళ్ల మధ్య సోఫాలో ఒక తెలుగు పెద్దాయన. అమెరికన్ల ముందు తడబడితే యాస అనుకుంటారు, తెలుగువాళ్ల ముందు తడబడితే ఇట్టే దొరికిపోతాం. రిటైరైన డాక్టరు గారట, ఇక్కడికొచ్చి నలభై ఏళ్లు దాటిందట, మొదటి ఆల్బమ్ జట్టుకి నాయకుడట.

"ఏ ఊరమ్మా మీది?" అన్నారు.

"తణుకండి."

"మా అత్తారిది అత్తిలే. పక్కనే." నన్ను ఎగాదిగా చూసి నిట్టూర్చారు. "పెద్దమనుషుల పిల్లలా ఉన్నావు. ఆ మూడోది ఎలా నచ్చిందమ్మా నీకు?"

కొత్తవాళ్లు ముందు మాట్లాడాలని ఆ సభలో ఆనవాయితీ. నిలబడ్డాను. చేతిలో పేపర్ ప్లేట్ అలాగే ఉండిపోయింది. "రెండో ఆల్బమ్ తర్వాత గాయకుడు వెళ్లిపోయాడని లంచ్ రూమ్‌లో విన్నాను" అని మొదలుపెట్టాను. "ఇంకెవరైనా అయితే ఆ చోటులో మరొకర్ని నిలబెట్టేవారు. వీళ్లు ఆ చోటు ఖాళీగా ఉంచేసి పాటలు చేశారు. మా తాతగారు పోయాక ఏడాదిపాటు ఆయన వాలుకుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అటువైపు నుంచి వెళ్తే మాత్రం అందరం కాస్త నెమ్మదిగా నడిచేవాళ్లం. నాకు ఈ ఆల్బమ్ అలా వినిపించింది."

ఇద్దరు ముగ్గురు తలలూపారు. నెగ్గేశానని ఒక్క క్షణం అనుకున్నాను. అప్పుడు కిటికీ దగ్గర కూర్చున్నావిడ, చాలా మర్యాదగా, "కానీ ఆ ఆల్బమ్ నిండా కొత్త గాయకుడు ఉన్నాడు కదా" అంది. "పది పాటల్లోనూ అరుస్తూనే ఉంటాడు. దాన్ని మేం తిట్టేదే అందుకు."

నా ప్లేట్‌లోంచి ఒక చిప్ జారి కార్పెట్ మీద పడింది. రికార్డుల మామ నెమ్మదిగా అడిగారు, ఏ సీడీ విన్నావని. మీరిచ్చిందేనన్నాను. ఎక్కడ విన్నావన్నారు. కార్లో అన్నాను. డాక్టరు గారు లేచి, ఏ జబ్బో తేల్చేద్దామన్న ధోరణిలో, "పదండి చూద్దాం" అన్నారు.

డజను మంది పెద్దవాళ్లు వరసగా వాకిట్లోకి నడిచి నా కారు చుట్టూ నిలబడ్డారు. డాక్టరు గారు డ్రైవర్ సీట్లో కూర్చుని సీడీ పెట్టించి, చెవి ఒకసారి ఎడమ తలుపుకి, ఒకసారి కుడి వైపుకి ఆనించి విన్నారు. తర్వాత తల బయటపెట్టి, "పేషెంట్‌కి ఎడమ చెవి పూర్తిగా పోయింది" అని అందరికీ ఇంగ్లీషులో ప్రకటించి, నాకు తెలుగులో వివరించారు. ఆ ఆల్బమ్ చేసినవాళ్లు ఏదో ప్రయోగమని గాయకుణ్ని మొత్తం ఎడమ పక్కన, వాద్యాలన్నీ కుడి పక్కన పెట్టారట. నా కార్లో ఎడమ పక్క స్పీకర్లు పనిచేయడం లేదు. వారం రోజులుగా పక్కనే ఒక మనిషి గొంతు చించుకుంటుంటే నేను అతను లేడనుకుని, కుర్చీ ఖాళీగా ఉందని కన్నీళ్లు పెట్టించే ఉపన్యాసం తయారు చేసుకున్నాను.

వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు కార్లో కూర్చుని విన్నారు. నేను పోస్టుడబ్బా పక్కన నిలబడి మనసులో పెట్టెలు సర్దుకున్నాను. రెండు పెట్టెలు. రైస్ కుక్కర్ పట్టదు, అక్కకి ఇచ్చెయ్యాలి. నాన్నకి ఏమని చెప్పాలి? స్పీకర్ పాడైపోయి వచ్చేశానంటే ఆయనకి అర్థమవుతుందా? అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది డాక్టరు గారే. దిగి వచ్చి, "నలభై ఏళ్లుగా తిడుతున్నానమ్మా దీన్ని. ఆ వెనక గిటార్ అంత పనిచేస్తోందని నాకు తెలీదు" అని గొణిగి, ఇంకోసారి విందామని మళ్లీ వెళ్లారు.

ఆఖరున రికార్డుల మామ కూర్చున్నారు. తర్వాత నా దగ్గరకి వచ్చారు.

"నాకీ ఆల్బమ్ ఇష్టమైంది ఆ గొంతు కోసమే" అన్నారు. అంతకంటే ఘోరమైన వాక్యం నేను అమెరికాలో వినలేదు. "నేనిచ్చేముందు దీన్ని ఎప్పుడైనా విన్నావా?"

"లేదండి."

"మరి మూడోదని ఎందుకన్నావు?"

"మిగతావాటికి మనుషులున్నారు. మూడోదంటే ఎవరికీ కోపం రాదనుకున్నాను. మీరు లెటర్ మీద సంతకం పెట్టాలి కదా."

ఏ లెటరని ఆయన నిజంగానే ఆలోచించారు. "అదా. బుధవారమే పంపేశాను. నీ పని బాగుంటుంది కాబట్టి పంపాను. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?" వెళ్లి నా కారు తలుపు వేసొచ్చారు. "తెలియదని చెప్పి ఉంటే మొదటి ఆల్బమ్ నుంచి కూర్చోబెట్టి వినిపించేవాణ్ని. ఏమీ తెలియనివాళ్లు దొరకడం ఈ వయసులో ఎంత కష్టమో నీకు తెలియదు."

నన్ను లోపలికి తీసుకెళ్లి, మనిషంత ఎత్తున్న రెండు స్పీకర్ల మధ్య కూర్చోబెట్టి, మూడో ఆల్బమ్ మొదటినుంచి పెట్టారు. ఆ గాయకుణ్ని అప్పుడు విన్నాను. కిటికీ దగ్గరావిడ అన్నది అక్షరాలా నిజం. పాట అయ్యేదాకా రికార్డుల మామ నా ముఖమే చూస్తున్నారు. ఎలా ఉందన్నారు. "గిటారే బాగుందండి. ఈయన కాస్త తగ్గి ఉంటే బాగుండేది" అన్నాను. అమెరికా వచ్చాక నా నోటి నుంచి వెలువడిన మొదటి సొంత అభిప్రాయం అది. డాక్టరు గారు నా భుజం తట్టి ఒక సమోసా ఇచ్చారు.

రికార్డుల మామ సోమవారం నాతో పనిమాటలే మాట్లాడారు. మంగళవారం అవీ లేవు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ రెండు రోజులూ నేను లంచ్ రూమ్‌లో తీరిగ్గా, వేళ్లు నాక్కుంటూ అన్నం తిన్నాను. బుధవారం నా డెస్క్ మీద మొదటి ఆల్బమ్ కనిపించింది, పైన ఒక చీటీ: విను, తర్వాత నిజం చెప్పు.

ఆయన రిటైరై కూతురి దగ్గరకి వెళ్లిపోయి చాలాకాలమైంది. నెలకోసారి ఫోన్ చేస్తారు, ఒక పాట గురించి గంటసేపు పోట్లాడుకుంటాం. ఫోన్ పెట్టేశాక అప్పుడప్పుడు ఆ తణుకు పిల్ల గుర్తుకొస్తుంది, ఎవరికి కోపమొస్తుందోనని ముందే లెక్కలు వేసుకుంటూ పోస్టుడబ్బా పక్కన నిలబడినది. ఎదురైతే భుజం మీద చెయ్యేసి, అంత బెంగ అక్కర్లేదే అమ్మా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా లాభం లేదనుకోండి. నా మాట సగంలో ఉండగానే తలూపేసి, ఇంటికెళ్లాక ఆ పెద్దావిడ నాతో అలా ఎందుకందోనని వారంపాటు దిగులుపడేది.