యోబు మెడలో ఫాస్టాగ్

శామీర్‌పేట దగ్గర రింగ్ రోడ్డు టోల్ గేటుకు యోబు నడిచొస్తే చాలు, అడ్డకర్ర దానంతటదే లేచి దండం పెడుతుంది. సరే, దండం పెట్టదు. నడిచి రావడమూ కాదు, బండిలో కూర్చునే వస్తాడు. కానీ ఒకసారి అది లేచింది మాత్రం బండిని చూసి కాదు, యోబును చూసే.

యోబు అక్కడికి దగ్గర్లోనే ఒక పెద్ద విద్యాసంస్థలో డైరెక్టర్ గారి కారు డ్రైవరు. ఏళ్ల తరబడి బస్సు స్టీరింగు తిప్పి తిప్పి ఆ ఏసీ సీటు సంపాదించాడు. సంస్థ బండ్లకు ఫాస్టాగులు వచ్చిన రోజున బండ్ల ఆఫీసరు జోగారావుకు బెంగ పట్టుకుంది. అద్దానికి అతికిస్తే ఎవడైనా గోకి పట్టుకుపోతే? అందుకని వాటికి లామినేషన్ చేయించి, తాళ్లు కట్టించి, ఐడీ కార్డుల్లా డ్రైవర్ల మెడల్లో వేయించాడు. డైరెక్టర్ గారు స్వహస్తాలతో వేస్తుంటే ఫొటో తీయించి, దేశంలోనే మొదటిసారి అని పేపరుకెక్కించారు. నిజమే, ఇంకెవరికీ ఆ ఆలోచన రాలేదు.

ఇక గేటు వచ్చినప్పుడల్లా డ్రైవర్లు ఛాతీ విరుచుకుని అద్దం మీదికి వంగేవాళ్లు.

"మెడలోంచి తీసి ఎక్కడైనా పోగొట్టావో, ఉద్యోగం కూడా పోయిందనుకో" అన్నాడు జోగారావు. యోబు స్నానానికి కూడా తీయలేదు.

"పెండ్లినాడు నేనేసిన దండ ఎంబడే తీసి పడేసినవ్. గిదేంది, పండేటప్పుడు గూడ తియ్యవ్?" అంది భార్య రెబెక్కా.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, బావమరిది శాంసన్ కోళ్ల బండిలో యోబు మేడ్చల్ బయలుదేరాడు. గేటు రాగానే అలవాటుగా ఛాతీ ముందుకు పెట్టాడు. కర్ర లేచింది.

"నా ట్యాగుల పైసల్లేవు బావా! అయినా లేసింది సూడు. అంతా దేవుని దయ" అన్నాడు శాంసన్.

ఆ దయ కాస్తా జోగారావు ఫోన్లో టోల్ మెసేజిగా మోగింది. డైరెక్టర్ గారి కారు రింగ్ రోడ్డు ఎక్కిందట. జోగారావు షెడ్డుకు పరిగెత్తాడు. కారు అక్కడే ఉంది. తడిమి చూశాడు, కారే. అంతలో అది మేడ్చల్‌లో దిగిందని ఇంకో మెసేజి. కొంపల్లి విల్లాలో ఉన్న డైరెక్టర్‌కు ఫోన్ కొట్టాడు.

"కారు షెడ్లోనే ఉంది సార్. మేడ్చల్ కూడా వెళ్లింది సార్."

"రెండిట్లో ఏది నిజమయ్యా?"

"మెసేజి వచ్చింది కదా సార్. వెళ్లిందే నిజం."

సోమవారం పొద్దున యోబును డైరెక్టర్ గదిలో నిలబెట్టారు. కారు దొంగచాటుగా తిప్పాడన్నది నేరం. అది అంగుళం కదల్లేదని వాచ్‌మన్ మొత్తుకున్నా, వాచ్‌మన్‌కు మెసేజి రాదు గనక ఆ సాక్ష్యం చెల్లలేదు.

"వీణ్ణి తీసెయ్యండి సార్" అన్నాడు జోగారావు.

యోబు మెడలోని తాడు పట్టుకుని జోగారావు వైపు చూపించాడు. "కారు పోలే సార్. నా మెడ పోయింది, మా బామ్మర్ది కోళ్ల బండ్ల. తియ్యొద్దని మీరే అంటిరి."

డైరెక్టర్‌కు పేపర్లో ఫొటో గుర్తొచ్చింది. ఈ సంగతి బయటపడితే అదే ఫొటో మళ్లీ వేస్తారు, ఈసారి ఊరంతా నవ్వడానికి.

"ఏమీ జరగలేదు" అన్నాడాయన. "కారూ వెళ్లలేదు, మెడా వెళ్లలేదు. ఎక్కడైనా నోరు జారావో, ఆ రోజే నీ ఉద్యోగం ఆఖరు."

సాయంత్రానికల్లా ట్యాగులన్నీ అద్దాలకు అతుక్కున్నాయి. యోబు ఏసీ సీటు యోబుకే ఉంది. ఇప్పుడు శామీర్‌పేట టీ బండి దగ్గర ఎవరు కదిపినా ఒకటే జవాబు:

"ఎవడు జెప్పిండే నీకు? నా మెడల తాడెన్నడు లేదు. శాంసన్‌కు కోళ్ల బండే లేదు. నేనసలు మేడ్చల్ మొకమే సూడలే."