జీలుగు నీడలో బేరం లేదు

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను. తెలంగాణ సరిహద్దుకు అవతల, కిష్టారం దగ్గర ఒక చిన్న ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతూ, హిందీలో వచ్చిన ప్రతి కాగితాన్నీ చుట్టుపక్కల గూడేల వాళ్లకు తెలుగులో చదివి పెడుతూ, చదివినందుకు ఒక మంచిమాట కూడా వినకుండా బతుకుతున్నవాణ్ణి. అలాంటివాడికి కోపం రాకపోతే ఇంకెవడికి వస్తుంది? మొన్నటి చలికాలంలో మాత్రం నిజంగానే వచ్చింది. సగం దంతెవాడ నుంచి వచ్చిన సారు మీద, సగం ఒక చెట్టు నీడ మీద. నీడ మీద కోపం తెచ్చుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే.

అది జీలుగు చెట్టు. ఇక్కడ హిందీవాళ్లు సల్ఫీ అంటారు. తాటిచెట్టుకు దూరపు చుట్టం అనుకోండి. గెల కొస కోసి కుండ కడితే కల్లు కారుతుంది. ఆ చెట్టు మా వెనక గూడెంలో ఉండే అక్కది. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, దోర్ల తెగ మనిషి. మా అమ్మ కొట్లో కూర్చుంటే నన్ను చంకనేసుకుని తిప్పింది ఈమే, అందుకని అక్క. ఆమె మొగుడు నాకు బావ. చెట్టు మాత్రం బావది కాదు. మనవైపు కూతురికి బిందెలూ మంచమూ పెట్టినట్టు, అక్క పెళ్లికి వాళ్లమ్మ ఆ చెట్టు పెట్టింది. అక్కను ఇచ్చింది ఉన్న గూడెంలోనే గనక, చెట్టు అంగుళం కదలకుండా కాపురానికొచ్చేసింది.

జీలుగు బాగా పారేది చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా. తెలంగాణలో మిరపకాయ కోతలూ అప్పుడే. కూలీల్ని కుదుర్చుకునే మేస్త్రీ ట్రాక్టర్ వేసుకుని వస్తాడు, గూడేలకు గూడేలు ఎక్కి వెళ్లిపోతాయి. అక్కా బావా కూడా ఏటా వెళ్లేవాళ్లు. గెలను పొద్దునా సాయంత్రమూ కొస చెక్కుతూ ఉండాలి. నాలుగు రోజులు వదిలేస్తే ఎండిపోతుంది. అంటే వీళ్లు ట్రాక్టర్ ఎక్కిన వారానికే ఆ ఏటి కల్లు అయిపోయినట్టు. కిందటేడు అక్క తిరిగొచ్చినప్పుడు మిరప ఘాటుకు వేళ్లన్నీ పొక్కిపోయి, అన్నం ముద్ద కూడా చెంచాతో తింది.

"ఈ ఏడు పోను తమ్మీ," అంది ఈసారి గెల వెయ్యగానే, మా కొట్టు అరుగు మీద కూర్చుని. "ఇది పారినన్ని దినాలు ఇంటికాడ్నే ఉంట. గంజి తాగైన ఉంట."

గంజి తాగి ఉండక్కర్లేదని చెప్పడానికే అన్నట్టు, సరిగ్గా అప్పుడే సారు జీపు దిగాడు. దంతెవాడలో ఏదో శిక్షణా సంస్థలో పని చేస్తాడట. కుర్రాడే, మంచివాడే, మెడలో తాడుకు కార్డు. చెట్టు కల్లును పులవకముందే తీస్తే దాన్ని నీరా అంటారని, దానికి పట్నాల్లో గిరాకీ ఉందని, గూడెం ఆడవాళ్లు గుంపుగా ఏర్పడితే మంచుపెట్టె ఇస్తామని, రోజూ బండి వచ్చి ఆ నీరా పట్టుకెళ్లి సీసాల్లో పోస్తుందని హిందీలో చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. అక్క మొహం వెలిగింది. నాకూ మనసులో సంతోషమే, కానీ పైకి కనబడనివ్వను గదా, "జాగ్రత్తగా ఆలోచించుకోండి," అన్నాను. అనగానే అందరూ కలిసి నన్ను కార్యదర్శిని చేశారు. ఆడవాళ్ల గుంపుకు మొగ కార్యదర్శి ఏమిటని సారు అడిగితే, "రాసేది ఆయన్నే గదా," అన్నారు. నా తలరాత.

కుండ లోపల సున్నం పూస్తే కల్లు త్వరగా పులవదని సారు నేర్పాడు. బావ చెట్టు దిగి శ్రద్ధగా విన్నాడు. విని, నన్ను పక్కకు పిలిచాడు.

"పులవకపోతే మత్తెట్ల వస్తది?"

"రాకూడదనే గదా బావా సున్నం."

"మత్తు రాకపోతే ఎందుకు తాగుతరు?"

ఆరోగ్యానికని సారు చెప్పాడు. బావ తన ఒంటి వైపు ఒకసారి చూసుకుని, "మాకేం రోగం లేదు గదా," అన్నాడు.

అది సులువుగానే తేలిపోయింది, తాగేది మనం కాదు పట్నంవాళ్లు అన్నాను. పట్నంవాళ్లు ఏం చేసినా బావకు అభ్యంతరం లేదు. అసలు చిక్కు తర్వాత వచ్చింది. మంచుపెట్టె ఇవ్వాలంటే ఒక పొద్దున చెట్టు దగ్గర నీరా అమ్మి చూపించాలి. చెట్టు, బల్ల, కొనేవాడు, ఇచ్చే డబ్బు, నాలుగూ ఒకే ఫోటోలో పడాలి. మా కొట్లో పెట్టి అమ్ముతానయ్యా అన్నాను. కొట్లో నిలవుంటే పులిసి కల్లయిపోతుందని, కల్లు అమ్మితే లైసెన్సు కావాలని, చెట్టు దగ్గరే అని సారు పట్టు.

అప్పుడు పటేల్ తాత నోరు విప్పాడు. గూడెం పెద్ద. అప్పటిదాకా కునుకు తీస్తున్నాడనుకున్నాం.

"చెట్టు కిందికి వచ్చినోడు సుట్టం. సుట్టానికి పోసుడే. అమ్ముడు లేదు."

ఇది నాకు తెలియని సంగతి కాదు. పుట్టినప్పటినుంచీ ఆ చెట్టు కింద దొప్పలో పోయించుకుని తాగుతున్నవాణ్ణే. కానీ ఉచితంగా వచ్చేదాని వెనక కట్టుబాటు ఒకటుందని ఎవడు ఆలోచిస్తాడు?

"కింద అంటే ఎక్కడిదాకా తాతా?" అన్నాను.

"నీడ ఉన్నకాడికి."

"పొద్దున పూట నీడ పొడుగ్గా సాగి మా ఇంటి దాకా వస్తది గదా!"

"వస్తే నువ్వు గూడ సుట్టమే."

"మబ్బు పడితే?"

"మబ్బు పడితే ఊరంత నీడే," అన్నాడు తాత, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

ఇదంతా సారుకు హిందీలో చెప్పాల్సింది నేను. చెప్పాను. సారు పుస్తకం తీసి "నీడ" అని రాసుకుని, కింద గీత గీశాడు. ఈ ఒక్కసారికి తాతను ఒప్పించమన్నాడు. "చట్టం నాదా? చెట్టుది," అన్నాడు తాత. చెట్టును ఒప్పించడం శిక్షణలో లేదు కాబోలు, సారు పుస్తకం మూసేశాడు.

చివరికి ఉపాయం నేనే చెప్పాను. పొద్దున నీడ పడమటికి పడుతుంది. బల్ల తూర్పున వేస్తే చెట్టు పక్కనే ఉంటుంది, నీడలో ఉండదు, ఫోటోలో అన్నీ పడతాయి. తాత చెట్టు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి సరే అన్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను.

ఆ రోజు మా కొట్లో బల్ల నేనే నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లాను. అక్క తలకు నూనె రాసి, కొత్త చీర కట్టుకుని బల్ల వెనక నిలబడింది. బావ కుండ దించాడు. అక్క చనిపోయిన పెద్దల పేరు చెప్పి నేల మీద కొంచెం పోసింది. నీరా తేటగా, తియ్యటి వాసనతో ఉంది. చలికి మంచి ఎండ. అంతా బ్రహ్మాండం. ఒక్కటే తక్కువ. బల్ల ముందు కొనేవాడన్నవాడు లేడు. గూడెం మొత్తం పడమటి వైపు నీడలో, ఎవరి దొప్ప వాళ్లు కుట్టుకుని, వరసగా కూర్చుంది. ఎందుకు కూర్చోరు? అడుగు ఇటేస్తే డబ్బు, అటేస్తే ఉచితం. ఆ లెక్క చదువు రానివాడికి కూడా వస్తుంది.

"ఇటు రండర్రా, సిగ్గులేదూ!" అని అరిచాను.

"సలి పెడుతున్నా ఈడనే బాగున్నది సేటూ!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. చుట్టాలు వచ్చి కూర్చున్నాక పోయకుండా ఎలా? అక్క కుండెత్తుకుని వెళ్లి అందరికీ పోసి వచ్చింది. సగం కుండ అలా పోయింది.

జీపు దిగి సారూ, వాళ్ల పెద్ద సారూ వచ్చారు. పెద్ద సారు లావాటి మనిషి, ఎండ పడదట. తిన్నగా వెళ్లి నీడలో నిలబడ్డాడు. నేను చేతులూపాను, కళ్లతో సైగ చేశాను, దండం పెట్టాను. ఆయన తిరిగి దండం పెట్టాడు. అక్క దొప్ప పట్టుకెళ్లి ఇచ్చింది. తాగి, బాగుందని ఇంకోటి తాగాడు. మూడోది కూడా తాగి జేబులో చెయ్యి పెట్టాడు. అక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దు సారూ. నువ్వు మా సుట్టానివి."

ఆయనకు అర్థం కాలేదు గానీ పొంగిపోయాడు. చిన్న సారు చెవిలో ఏదో ఊదాక బయటికొచ్చి, ఎండలో, బల్ల ముందు నిలబడి, హిందీలో "ఒక గ్లాసు ఇవ్వమ్మా, కొంటాను," అన్నాడు. ఆహా! ఆ మాట కోసం కదా ఇన్ని తిప్పలు! అక్క గ్లాసు అంచుదాకా నింపింది. చిన్న సారు ఫోటోకు నాలుగడుగులు వెనక్కి వెళ్లాడు. పెద్ద సారు ఫోన్ తీసి, బల్లకు అంటించిన క్యూఆర్ కాగితం మీద పెట్టాడు. ఫోన్‌లో చక్రం తిరిగింది. తిరిగింది. ఇంకా తిరిగింది. మా దగ్గర సిగ్నల్ సంగతి దేవుడికే తెలుసు. అది తిరుగుతుండగా ఎండ చల్లబడింది.

తలెత్తి చూశాను. మబ్బు. నెల రోజులుగా ఆకాశంలో దూదిపింజంత లేదు. ఎక్కడినుంచి వచ్చిందో, సరిగ్గా సూర్యుడి మీదికొచ్చి కూర్చుంది. గూడెమంతా ఒక్కసారి ఆకాశం చూసి, తర్వాత తాతను చూసింది. తాత తల ఊపాడు. అక్క బల్ల మీది కాగితాన్ని అరచేత్తో మూసేసింది.

"సుట్టం అయిపోయిండు తమ్మీ," అంది నాతో, ఏడుపు గొంతుతో.

మబ్బు పోతుందని కాచుకున్నాం. పోలేదు, చుట్టాల్ని తెచ్చుకుంది. పెద్ద సారు చీకటి పడకముందే దంతెవాడ చేరాలి. చిన్న సారు పాపం మంచి మనసుతోనే, డబ్బు తీసుకోవద్దు, తీసుకున్నట్టు చెయ్యి చాపితే చాలు, ఒక్క ఫోటో తీసుకుని వెళ్లిపోతాం అన్నాడు. అది నాకు న్యాయంగానే తోచింది. అక్కకు చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"ఉత్త ఫోటోయే అక్కా!"

"ఫోటో ఉంటది గద తమ్మీ. మా అమ్మ ఇచ్చిన చెట్టు కింద నేను సుట్టం పైసలకు చెయ్యి చాపినట్టు ఎప్పటికి ఉంటది."

అప్పుడు వచ్చింది నాకు కోపం. "నీ నీడ నీకు కూడు పెడతదా? మిరపచేలో చావు పో!" అన్నాను, అందరి ముందూ. ఇది రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది. అక్క వంగి కుండ అందుకుంది. మిగిలినదాన్ని సార్లిద్దరికీ నాకూ సమానంగా పోసి, ముందు నాకే ఇచ్చింది. జీపు వెళ్లిపోయింది. కొద్దిరోజులకు హిందీలో కాగితం వచ్చింది. అమ్మకం జరగనందున ఈ ఏడాదికి వీలు పడదని. దాన్ని కూడా నేనే చదివి పెట్టాను.

ఆ మరుసటి వారం మేస్త్రీ వచ్చాడు. ఆకాశం అద్దంలా ఉంది. నేను అక్క దగ్గర తప్పు ఒప్పుకుందామని వెళ్లి, ఒప్పుకోలేక, చెట్టు కింద దొప్ప పట్టుకుని కూర్చున్నాను. బావ పైన గెల చెక్కుతున్నాడు. మేస్త్రీ పాతికేళ్లుగా ఈ గూడేలు తిరుగుతున్నవాడు. ట్రాక్టర్ దిగి నడుచుకుంటూ వచ్చి, నీడ అంచు దగ్గర, చెప్పు కొస కూడా లోపల పడకుండా, ఎండలో ఆగాడు. అడ్వాన్సు నోట్లు మడిచి చేతిలో పట్టుకున్నాడు.

"ఇటు రా చెల్లె," అన్నాడు.

జీపు వేసుకొచ్చిన సార్లకు తెలియనిది వాడికి తెలుసు. అక్క కాసేపు పైకి, బావ వైపు చూసింది. బావ కత్తి ఆపాడు. వెళ్లకక్కా అందామనుకున్నాను. అనడానికి నాకు మొహమేది? అక్క కుండ మీద ఆకు కప్పి, చేతులు కొంగుకు తుడుచుకుని, నీడ దాటి ఎండలోకి వెళ్లి ఆ డబ్బు తీసుకుంది.

వాళ్లు వెళ్లాక గెల చెక్కడానికి ఇంకొకణ్ణి బతిమాలి పెట్టాను. మూడు రోజులు ఎక్కాడు. నాలుగో రోజు వాడూ తర్వాతి ట్రాక్టర్ ఎక్కాడు. నాకు చెట్టెక్కడం రాదు. కింద నిలబడి, గెల ఎండిపోవడం రోజూ చూశాను.

పదిహేను రోజులకు కొట్లో ఫోన్ మోగింది. అక్క, ఎక్కడో మిరపచేలోంచి, మేస్త్రీ ఫోన్ అడుక్కుని చేసింది.

"తమ్మీ, గెల పారుతున్నదా?"

"పారుతున్నదక్కా," అన్నాను.

"కిందికి ఎవరన్న వస్తున్నరా?"

"రోజూ వస్తున్నారు."

"ఎవర్ని గూడ ఉత్తగ పంపకు. ముందుగాల పెద్దలకు ఇంత పొయ్యి, తర్వాత అందరికి పొయ్యి. నువ్వు కోపం మీద మర్చిపోతవు."

"మర్చిపోనక్కా. పోస్తున్నా," అన్నాను.

మంచిది తమ్మీ అంది. మేస్త్రీ పిలుస్తున్నట్టున్నాడు, ఫోన్ పెట్టేసింది.