మగ్గం గుంటలో నీళ్లు

నిన్న సాయంత్రం విజయవాడలో కురిసిన వానకు మా వరండాలోకి నీళ్లొచ్చాయి. కుర్చీలోంచి కాళ్లు కిందికి పెట్టగానే పాదాలకు చల్లగా తగిలాయి. అనసూయమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ ఒక చిన్న సేవా సంస్థను నడిపేవారు. నేను అందులో లెక్కలు రాసేదాన్ని. రూపాయి తేడా వస్తే నాకు అన్నం సయించేది కాదు. ఆవిడ మాత్రం లెక్క సరిపోయాక కూడా, "సరే, దీంతో ఎవరికేం ఒరిగిందో చెప్పు" అనేవారు.

పామర్రు అవతల ఒక చేనేత ఊళ్లో అన్నీ గుంట మగ్గాలే. ఇంట్లో నేల తవ్వి, ఆ గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేస్తారు. మాకు విరాళమిచ్చే సంస్థ ఏటా వానాకాలంలో అక్కడ బియ్యం పంచమని డబ్బు పంపేది. ఒక ఆషాఢంలో పంపకం చూడడానికి వాళ్ల అధికారి హైదరాబాదు నుంచి వచ్చారు. ఆయన్ని ముందుగా రత్తమ్మ ఇంటికి తీసుకెళ్లాం. భర్త పోయాక మగ్గం మీదే ఇల్లు నడుపుకుంటున్న మనిషి. మగ్గం ఆగిపోయి ఉంది.

"నెయ్యడం లేదేం రత్తమ్మా?" అన్నారు అనసూయమ్మగారు.

"ఎట్టా నేసేదండీ? గుంటలో కప్పలు కాపురం పెట్టాయి."

అనసూయమ్మగారు భారీ మనిషి. చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మగ్గం గుంటలో ఊరిన నీళ్లలోకే కాళ్లు దించి కూర్చున్నారు.

"దిగడం బాగానే దిగారమ్మా. లేపాలంటే మా వీధంతా రావాలి!" రత్తమ్మ పకపకా నవ్వింది.

"రానీవే. శ్రావణంలో చీరల రేటెలా ఉంటుంది?"

"నోములు, పెళ్లిళ్లు కదండీ, అప్పుడే మంచి రేటు. అప్పుడే మాకు మగ్గం ఆడదు. తిండికి షావుకారు దగ్గర తెచ్చుకుంటాం. నీళ్లు తీశాక ఆయన చెప్పిన కూలికే నేసిపెడతాం."

"అందుకేగా మేం బియ్యం ఇస్తున్నది," అన్నారు అధికారి.

"వచ్చే ఏడో?"

"వచ్చే ఏడూ ఇస్తాం మేడమ్."

"మీరు ఇస్తూనే ఉంటారు, ఈవిడ తీసుకుంటూనే ఉంటుంది, ఈ నీళ్లూ ఇక్కడే ఉంటాయి. ఇళ్లకు మెరక మట్టి తోలించి, గుంటలకు ఇటుక కట్టి సిమెంటు పూయిద్దామండీ."

"మా పద్దులో మట్టి లేదు మేడమ్."

నేనూ ఆయన పక్షమే. "బియ్యం పద్దు కింద మట్టి ఎలా రాస్తానండీ?" అన్నాను.

రత్తమ్మ నవ్వు మాయమైంది. "అమ్మా, మీ మాటల్లో పడి నా బియ్యం పోగొట్టకండి. మీకు పుణ్యముంటుంది."

అనసూయమ్మగారు గుంటలోంచే రత్తమ్మ చెయ్యి పట్టుకున్నారు. "ఈయన నీ బియ్యానికి మాటిచ్చేదాకా నేను లేవనే." తరువాత అధికారి వైపు తిరిగి, "మీరూ ఒకసారి కాళ్లు పెట్టి చూడండి," అన్నారు. ఆయన మొహమాటంగా బూట్లు విప్పారు. పక్కన కూర్చుని నీళ్లలోకి కాళ్లు దించారు. లేచాక, "బియ్యం ఇచ్చెయ్యండి. మట్టి సంగతి పైవాళ్లకు రాస్తాను," అన్నారు.

ఆ ఏడు బియ్యం అందింది. ఎండాకాలానికి మట్టి డబ్బూ వచ్చింది. నేను దానికి వేరే పద్దు తెరిచాను. మరుసటి శ్రావణంలో వెళితే వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు వినిపించింది. రత్తమ్మ ఇంటి అరుగు మీద షావుకారు కూర్చుని చీర కోసం బేరమాడుతున్నాడు. ఆమె మాత్రం మగ్గం దిగకుండానే, "ఆ రేటుకు కుదరదండీ," అంటోంది. మమ్మల్ని చూసి, "ఈ ఏడు శ్రావణం మా ఇంటికీ వచ్చిందమ్మా!" అంది.

అక్కడ అందరి పేదరికమూ పోలేదు. మిల్లు చీరలు వచ్చాక కొన్ని మగ్గాలు మూలపడ్డాయి. మట్టితో చేసిన ఆ మందు దీనికి పనిచెయ్యదని కూడా అనసూయమ్మగారే చెప్పారు. ఆవిడ ఇప్పుడు లేరు.

ఈ ఉదయం మా అపార్టుమెంటు వాళ్లు చందాకు వచ్చారు. వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకునే మంగకు వానవల్ల బేరం పోయిందట, సరుకులు కొనిస్తారట. ఇవ్వవలసింది ఇచ్చాను. తరువాత చెప్పులు చేత్తో పట్టుకుని, ఆమె బండి నిలిపే చోట నీళ్లలో నిలబడ్డాను.

"అయ్యో మామ్మగారూ, జారతారు! మీకేం కావాలండీ?" అంది మంగ.

"ఈ నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూపించమ్మా," అన్నాను.