పెబ్బేరు ఎడ్లు, గద్వాల చీర

ఆ రోజుల్లో వనపర్తి నుంచి గద్వాలకు పోవడమంటే బస్సెక్కి, సీటు దొరికితే ఓ కునుకు తీసి, దిగిపోవడమే. అందులో ఆలోచించాల్సిందేమీ లేదు. నేను మాత్రం వారం ముందునుంచే ఆలోచించేవాణ్ణి. (పక్కింటికి చక్కెర కోసం పోయినా డైరీలో రాసుకునే మనిషిని. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు తగ్గలేదు.)

మా ఆవిడది గద్వాలలో నేతపని ఇల్లు. మా పెళ్ళయిన కొత్తలోనే మామగారికి చూపు మందగించింది. మగ్గం మీదున్న చీరే తన ఆఖరిదని చెప్పేశారు. నేత పూర్తయిన చీరను కోసి దించేది ఇంటి ఆడపిల్లే కావాలన్నది వాళ్ళింటి పద్ధతి. చిన్నప్పటి నుంచీ ఆ పని మా ఆవిడదే. ఆ చీర కోసం సావుకారు ఫలానా రోజు మధ్యాహ్నం వస్తాడని కబురొచ్చింది. "నేను పోకముందే అది దుకాణానికి పోతే, నాయిన నేసిన ఆఖరి చీరను కండ్లతోని చూడనే చూడ" అంది.

బస్సు వద్దనుకున్నాను. వారంలో ఆ రోజు పెబ్బేరు మీదుగా పోయే బస్సుల్లో కాలు పెట్టే సందుండదని నాకు బాగా గుర్తు. అందుకని ఆఫీసు మిత్రుడి పాత కారు అడిగి తెచ్చాను. టైర్లలో గాలి, ఇంజనుకు నీళ్ళు, కృష్ణ వంతెన దాటాక చాయ్, అన్నీ ఎర్ర సిరాతో కాగితం మీద రాసుకున్నాను. ఆ రోజే బస్సులు ఎందుకు నిండుతాయన్నది మాత్రం నా బుర్రకు తట్టలేదు.

పెబ్బేరు చేరాక తట్టింది. అది పశువుల సంత రోజు! ముందు ఎడ్లు, వెనక ఎడ్లు, నడుమ మేము. హారన్ కొడితే ఒక రైతు వంగి చూసి, బానెట్ మీద చరిచి, "ఏం సారూ, అమ్మనీకి తెచ్చినవా? వయసెంతో జర పండ్లు చూడనియ్యి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు. ఇంతలో ఒక కోడె కిటికీలోంచి మూతి పెట్టి నా కాగితాన్ని నమలడం మొదలుపెట్టింది.

"గింత రాస్తివి గదయ్యా, నీ కాయితంల ఎడ్లు లెవ్వా?" అంటూ మా ఆవిడా నవ్వింది. నవ్వుతూనే నెత్తి మీదికొచ్చిన ఎండను చూసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత కొంగు దోపి కారు దిగింది. "అన్నా, జర తొవ్వ ఇయ్యుండ్రి. మా నాయిన మగ్గం కాడ కూసోని నా కోసం చూస్తుండు!" ఆ మాటకు రైతులు పగ్గాలు పట్టి ఎడ్లను పక్కకు లాగారు. ఆమె ముందు నడిచింది. నేను వెనకాలే కారును నడిపించుకుంటూ పోయాను.

గద్వాల చేరేసరికి మధ్యాహ్నం ఎప్పుడో దాటిపోయింది. చీర ఇంకా మగ్గం మీదే ఉంది. సావుకారు మూలన కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాడు. "ఎంత చెప్పినా ఇంటలేడమ్మా మీ నాయిన. బిడ్డ రానిది కొయ్యనంటడు" అన్నాడు.

"ఏంది బిడ్డా, గింత ఆల్శం?" అన్నారు మామగారు.

"నీ అల్లుడు నన్ను ఎడ్ల సంతకు తీస్కపోయిండు నాయినా."

మామగారు నా వైపు కళ్ళు చికిలించి చూశారు. "మరి ఎడ్లేవీ?"

అందరం నవ్వాం. ఆయన కూతురి వేళ్ళు పట్టుకుని అంచు పొడవునా మెల్లగా తడిమించి, కత్తెర చేతికిచ్చారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు మామగారు లేరు, మా ఆవిడా లేదు. ఎప్పుడైనా గద్వాల పోతే దారి ఫోనే చెబుతుంది, రద్దీ ఎక్కడుందో కూడా అదే చెబుతుంది. ఎక్కడా ఆగకుండా, అనుకున్నదానికంటే ముందే చేరిపోతాను. ఆ వీధిలో కారు దిగి, ఇంత ఆలస్యమేందని ఎవరైనా కోప్పడతారేమోనని కాసేపు నిలబడతాను. ఎవరూ కోప్పడరు. ఈ వయసులో తిట్ల కోసం ఎదురుచూస్తున్న ఆ ముసలాణ్ణి చూసి నాకే నవ్వొస్తుంది.