చెప్పుల చిరుత

వదిలేసిన చెప్పులతో చిరుతపులిని చేద్దామన్న మాట నా నోటి నుంచే వచ్చింది. తిరుపతిలో కొండ కిందే మా కాలనీ. చెత్త పారేస్తే కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత దిగుతుంది. దాన్ని పట్టించి పంపేయాలని కొందరి గోల. మనం చెత్త మానుకుంటే అదే రాదు కదా అని మా ఆడవాళ్ల వాదన. అది అందరికీ తెలిసేలా పనికిరాని వస్తువులతో ఒక చిరుతను చేసి వీధి మొదట్లో నిలబెడదామనుకున్నాం. పని మా మేడ మీద పెట్టుకోమన్నదీ నేనే. మా ఆయన పోయాక మా మెట్లెక్కి వచ్చే మనిషి లేక ప్రాణం ఉసూరుమంటుండేది మరి.

మధ్యాహ్నాలు ఆడవాళ్లంతా వచ్చేవారు. గుడి దగ్గర గుట్టలుగా పడివున్న చెప్పులు తెచ్చి, కడిగి, కోసి, ఇనుప చట్రానికి తీగతో కుట్టేవాళ్లం. పరాచికాలు, కాఫీలు. ఆ పని ఎప్పటికీ తెమలకపోతే బాగుండనిపించేది.

ఒకరోజు ఎదురింటి పెద్దావిడ వచ్చి చూసి, అక్కడే నిలబడిపోయింది.

"ఏమ్మా, శని పోవాలని జనం గుడికాడ ఇడిసిపెట్టినవి గదా ఇవి! ఊరోళ్ల శనంతా తెచ్చి ఈడ కుట్టుకుంటా ఉండారా?"

మర్నాటి నుంచి ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే ఒకరికి తలనొప్పి, ఇంకొకరింటికి చుట్టాలు. నాకు ఒళ్లు మండింది. చెవులూ తోకా లేని చిరుతా నేనూ మిగిలాం. ఆయన పోయిన కొత్తలో కూడా మధ్యాహ్నాలు అంత బరువుగా లేవు.

ఆయన చెప్పులు అప్పటికింకా గుమ్మం బయటే ఉండేవి. వచ్చినవాళ్లు లోపల మగమనిషి ఉన్నాడనుకోవాలని రోజూ తుడిచి పెట్టేదాన్ని. వాటిని కోసి చిరుతకు చెవులు కుట్టాను. పెద్దావిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. చూడగానే గుర్తుపట్టింది.

"సార్‌వి గదమ్మా ఇవి!" అని ఆ చెవులను తడిమింది. తర్వాత తన చెప్పులు విడిచి నా ముందు పెట్టింది. "తోకకు ఇవి కుట్టు. సార్ ఉండేకాడికి శని యాడ్నుంచి వస్తాది?"

ఆవిడ మాట విని సాయంత్రానికి అందరూ వచ్చేశారు. చిరుత పూర్తయింది, వీధి మొదట్లో నిలబడింది, చెత్త కాస్త తగ్గింది. మా మేడ మీదకు మాత్రం ఇప్పుడెవరూ రారు. తప్పు పట్టను, ఎవరి సంసారాలు వాళ్లవి.

నిన్న గ్యాస్ బండ తెచ్చినతను గుమ్మంలో ఆగి అడిగాడు. "సార్ లేరామ్మా?"

ఇన్నాళ్లూ ఎవరడిగినా "పడుకోనుండారు" అనేదాన్ని.

"లేరప్పా," అన్నాను. "నేనొక్కదాన్నే ఉండాను."