వసంతమ్మ కడిగిన గాజుపళ్లేలు

వసంతమ్మను గురించి రెండు మంచి మాటలు రాయాలంటే నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. ఆమె మీద నాకున్న కుళ్లు అంతటిది. ఆమె పోయి నాలుగేళ్లయినా అది తగ్గలేదు. అయినా ఆమె పని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

1981లో తిరుపతిలో ఒక వైద్య కళాశాల ప్రయోగశాలలో నేను టెక్నీషియన్‌ని. అప్పటికే పద్దెనిమిదేళ్ల సర్వీసు. స్లైడుకు రంగు వేయడంలో జిల్లాలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. వసంతమ్మది చంద్రగిరి పక్కన పల్లె. ఐదో తరగతి చదివింది. భర్త పోయాక గాజుసామాను కడిగే పనికి చేరింది. పొద్దున్నే బస్సు దిగి వచ్చి, కొంగు బొడ్లో దోపి, నీళ్లతొట్టి ముందు నిలబడేది. మొదట్లో నేనామెను మనిషిగా కూడా పట్టించుకోలేదు.

మా డాక్టరమ్మ చంద్రకాంతమ్మగారు మాక్రోఫేజ్‌లనే కణాల మీద పరిశోధన చేసేవారు. మన ఒంట్లో కాపలా తిరుగుతూ, లోపలికి చొరబడిన క్రిములను మింగేసే కణాలవి. క్యాన్సర్ గడ్డను కూడా అవి తినేస్తాయా అన్నది ఆమె ప్రశ్న. తెల్ల ఎలుక పొట్టలోకి ఉప్పునీరు ఎక్కించి, మళ్లీ బయటికి తీసి, గాజుపళ్లెంలో పోసి గంటసేపు వెచ్చగా ఉంచుతాం. మాక్రోఫేజ్‌లు గాజుకు అతుక్కుంటాయి. మిగతా కణాలను కడిగేసి, వీటి మీద క్యాన్సర్ కణాలు వేసి, ఏది దేన్ని చంపుతుందో చూస్తాం.

ఒకసారి సబ్బుపొడి అయిపోయింది. వసంతమ్మ సెలవులో ఉంది. మా ఇంట్లో వెండి సామాను కుంకుడు రసంతోనే తోముతారు కదా అని, పళ్లేలన్నీ కుంకుడు నురగతో నేనే కడిగాను. తళతళలాడాయి. మర్నాడు చూస్తే ఒక్క కణం బతికి లేదు. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఎనిమిది ఎలుకలు దండగ. కారణమేమిటో డాక్టరమ్మకూ అంతుపట్టలేదు. సెలవు నుంచి వచ్చిన వసంతమ్మ పళ్లెం ఎత్తి వాసన చూసింది.

"కుంకుడు వాసన ఉండాదమ్మా. మా ఊర్లో చేపలు పట్టేదానికి కుంటలో కుంకుళ్లు దంచి కలుపుతారు. చేపలే తేలిపోతాయి, కంటికి కనపడని ఇవెంత?"

డాక్టరమ్మ నావైపు తిరిగి, "ఆమెకు తెలిసింది మీకు తెలియలేదా, మునిరామయ్యా?" అన్నారు. అందరూ విన్నారు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆ రోజు నుంచి డాక్టరమ్మ ఆమెను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. ఆరు నెలల్లో నేను ఒక స్లైడు చూసేలోపు ఆమె రెండు చూసేసేది. తప్పు దొరుకుతుందేమోనని ఆమె చూసినవన్నీ నేను చాటుగా మళ్లీ చూసేవాణ్ని. దొరికేది కాదు. దాంతో ఇంకా ఒళ్లు మండేది.

తర్వాత ఎలుకల గడ్డలనే కోసి స్లైడులు చేశాం. పెద్ద గడ్డల్లో మాక్రోఫేజ్‌లు తక్కువుంటాయని డాక్టరమ్మ అంచనా. నాకు ఎక్కువే కనిపించాయి. కానీ పెద్దవాళ్ల మాటకు ఎదురు రాయడమెందుకని తగ్గించి రాశాను. వసంతమ్మకు ఆ భయం లేదు.

"పెద్ద గడ్డల్లోనే ఇవి జాస్తిగా ఉండాయమ్మా. కాపలాకు పంపిస్తే దొంగలతోనే చేరి, వాళ్లకు కూడూ నీళ్లూ మోస్తా ఉండాయి. సూడండి, కొత్త రక్తనాళాలు వీటి పక్కనే లేస్తా ఉండాయి."

డాక్టరమ్మ చాలాసేపు మైక్రోస్కోప్ నుంచి తలెత్తలేదు. పళ్లెంలో క్యాన్సర్‌ను చంపే కణమే, గడ్డలోకి వెళ్లాక దాన్ని పెంచి పోషించవచ్చని విదేశాల్లోనూ కొందరు అనుమానిస్తున్నారని ఆమే చెప్పారు. ఆ రోజుల్లోనే, ఈ పనిలో మద్రాసులో ఇచ్చే మూడు నెలల శిక్షణకు మా దగ్గర నుంచి ఒక్కరినే పంపాల్సి వచ్చింది. అది నాకేనని అందరూ అనుకుంటున్నారు. డాక్టరమ్మ వసంతమ్మ పేరు రాశారు. అక్కడికి వెళ్లి తిరిగొస్తే ఆమె కూడా టెక్నీషియన్ అవుతుంది.

గాజుసామాను కడిగే మనిషి నా పక్క కుర్చీలో! సిగ్గు విడిచి చెబుతున్నాను, బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను.

మరుసటి వారం ఆమె అన్నం తినడానికి వెళ్లినప్పుడు, ప్రయోగానికి సిద్ధం చేసి పెట్టుకున్న పళ్లేలను తెలిసే కుంకుడు నీళ్లలో ముంచి, ఆరబెట్టి, ఉన్నచోటనే పెట్టేశాను. కణాలన్నీ చచ్చాయి. డాక్టరమ్మ పళ్లెం వాసన చూసి, "ఎవరు చేశారిది?" అని అరిచారు. వసంతమ్మ నన్ను చూసింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నేనేనమ్మా," అంది. "మురికి పోలేదని కుంకుడు వేసినాను."

తెలిసి తెలిసి ఇంత నిర్లక్ష్యమా అని డాక్టరమ్మ ఆమె పేరు కొట్టేసి నా పేరు రాశారు. సాయంత్రం బస్సు స్టాపులో ఆమెను పట్టుకుని, నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పింటే మిమ్మల్ని పనిలో నుంచి తీసేసుంటారు అన్నా. నాకు నీళ్లతొట్టి యాడైనా దొరకతాది. మీకు ఇది తప్ప ఇంకేం వచ్చు?"

ఎగతాళికి అనలేదు. నా మీద నిజంగానే జాలిపడింది. చెప్పు తీసుకుని కొట్టినా అంత బాధపడేవాణ్ని కాదు.

మద్రాసు వెళ్లాను, సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. వచ్చిన రోజే వసంతమ్మ చెయ్యి తుడుచుకుంటూ, చిన్న నోటుపుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆడ ఏమేం నేర్పించినారో నాకూ రోజుకింత చెప్పండన్నా," అంది.

అంతా ఇంగ్లీషులో చెప్పారని, ఆమెకు అర్థం కాదని అన్నాను. అబద్ధమని ఆమెకు తెలుసు. నోటుపుస్తకం మూసి తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె రిటైరయ్యేదాకా పదకొండేళ్లు పక్కపక్కనే పని చేశాం. ఒక్క ముక్క చెప్పలేదు నేను.