లత గొంతు కోసం కూర్చిన కంప్యూటర్

జనగామలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లు వీధికొకరు ఉన్నారు గానీ, తీసిన ముక్కల్ని కోసి, అతికి, పైన పాట వేసే మిక్సింగ్ యుగేందర్ అంటే మాత్రం ఒక్కడే. బచ్చన్నపేట నుంచి చిల్పూర్ దాకా ఒక తరం పెళ్లిళ్లు అతని చేతుల మీదుగానే టేపుల్లోంచి డీవీడీల్లోకి ఎక్కాయి. పెళ్లికూతురు తామరపువ్వులోంచి బయటికి రావడం, పెళ్లికొడుకు మబ్బుల మీద నడిచి రావడం, మధ్యలో మామగారి ముఖం చుట్టూ నక్షత్రాలు రాలడం, ఇవన్నీ అతని పనితనమే. ఇప్పటి పిల్లలు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రోజుల్లో తామరపువ్వు లేకపోతే పెళ్లివాళ్లు డీవీడీని వెనక్కి తెచ్చి బల్ల మీద పడేసేవాళ్లు.

అతనికి ఒక్కతే కూతురు, సాహితి. తొమ్మిదో తరగతి చదువుతోంది. పిల్లకు సరిగా నడక కూడా రాకముందే తల్లి లత పచ్చకామెర్లతో పోయింది. అప్పటినుంచీ నాయనమ్మ చిలుకమ్మే పెంచింది. అమ్మ ఫోటోలు గోడ నిండా ఉన్నాయి కాబట్టి అమ్మ ఎలా ఉండేదో పిల్లకు తెలుసు. అంతకుమించి ఏమీ తెలియదు.

ఒకరోజు బడిలో సాహితి పాట పాడితే శైలజ టీచర్ మెచ్చుకుని, ఈ గొంతు మీ అమ్మదా అని అడిగింది. పిల్ల ఆ ప్రశ్నను అలాగే ఇంటికి మోసుకొచ్చింది.

"అవ్వా, అమ్మ గొంతు ఎట్లుంటుండె?"

చిలుకమ్మ బియ్యం చెరగడం ఆపింది. "ఎట్ల జెప్పాలె బిడ్డా? గొంతును మాటలతోని జెప్పొస్తదా? మీ మేనత్త కల్పన లగ్గంల మీ అమ్మ మంగళారతి పాడితే పందిరంత సప్పుడు బందైంది. గంతే యాదికున్నది."

ఆ లగ్గం వీడియో తీసిందీ, మిక్సింగ్ చేసిందీ యుగేందరే. చెల్లెలి పెళ్లిలో అన్నగా నిలబడాలో, కెమెరా పట్టుకుని నిలబడాలో తేలక మంటపం చుట్టూ పరుగులు పెట్టాడని చుట్టాలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఆ సాయంత్రం ముగ్గురూ కూర్చుని డీవీడీ వేశారు. ఆకుపచ్చ పట్టుచీరలో లత, చేతిలో హారతి పళ్లెం. పెదవులు కదులుతున్నాయి. వినిపించేది మాత్రం ఆ కాలంలో ప్రతి పెళ్లి వీడియోకూ తగిలించిన ఒక సినిమా పాట.

"గా పాట తీసెయ్ బాపూ. అమ్మది ఇనవడాలె," అంది సాహితి.

"పాటను మీదికెల్లి ఏసినం బిడ్డా. అమ్మది కిందనే ఉంటది. కంప్యూటర్ల దాసిన పాత మిక్సింగ్ తెరిస్తే తియ్యొచ్చు."

పిల్లను ఊరడించడానికి చెప్పిన మాట కాదది. నమ్మే చెప్పాడు. నమ్మాడు గనకనే తర్వాత అన్ని ఊళ్లు తిరిగాడు. లత దగ్గర ఉన్నది మీటల ఫోన్ ఒక్కటే, అందులో ఆమె గొంతు ఎవరూ దాచుకోలేదు. ఆ మంగళహారతి తప్ప ఆమె గొంతు ఉండటానికి వేరే చోటు లేదు.

అయితే ఆ మిక్సింగ్ తెరవడమే పెద్ద గండం. యుగేందర్ ఎప్పుడో హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన మ్యాక్ కంప్యూటర్ ఒకటి కొన్నాడు. కల్పన పెళ్లి పని దాని మీదే చేశాడు. తర్వాత దాని బోర్డు కాలిపోయింది, హార్డ్ డిస్కు ఒక్కటే మిగిలింది. ఆ కాలపు సాఫ్ట్‌వేర్‌ను కొత్త మ్యాక్‌లు గడప తొక్కనివ్వవు. డిస్కును హైదరాబాద్ పంపితే లోపలున్నది ఎవరైనా తీసిపెడతారని తెలిసినవాళ్లు చెప్పారు. దాన్ని చెయ్యి దాటనివ్వడానికి అతనికి మనసొప్పలేదు. ఆ వయసు మ్యాక్ ఇంకొకటి ఎక్కడా దొరకలేదు. మిగిలింది ఒకటే దారి. మామూలు కంప్యూటర్ భాగాలు ఏరుకొచ్చి, ఇది మ్యాకేనని ఆ పాత సిస్టమ్‌ను నమ్మించే పెట్టె ఒకటి సొంతంగా కూర్చాలి. మ్యాక్ తయారుచేసే కంపెనీ ఒప్పుకునే పని కాదు. మధ్యలో ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

భాగాలు దొరకడం కష్టం కాదు, అవి ఒకదానితో ఒకటి సర్దుకోవడం కష్టం. మదర్‌బోర్డు ఆ కాలానిదే కావాలి. ప్రాసెసర్ దానికి సరిపడాలి. గ్రాఫిక్స్ కార్డును పాత సిస్టమ్ గుర్తుపట్టాలి. కొత్త కార్డయితే అదెవరో దానికి తెలియదు, మరీ పాతదైతే పట్టించుకోదు. యుగేందర్ షాపు మూసి ఫోన్లో ఇవే చదువుతూ కూర్చునేవాడు. చిలుకమ్మ అన్నం పళ్లెం ముందు పెట్టి, చల్లారాక తీసి, మళ్లీ వేడి చేసి పెట్టేది.

భూపాలపల్లిలో బొగ్గుగనిలో పనిచేసే రాజేశ్ ఇంట్లో ఆ వయసు కంప్యూటర్ ఒకటి మూలన పడి ఉందని తెలిసింది. రాజేశ్ పెళ్లి వీడియో కూడా యుగేందర్ తీసిందే. బస్సెక్కి పోయాడు. మూత తీస్తే లోపలంతా నల్లటి దుమ్ము.

"గింత పాతది ఏం జేసుకుంటవన్నా? కొత్తది గొనుక్కోరాదు!"

"కొత్తది నాకు పనికిరాదు తమ్మీ. గీ వయసుదే గావాలె."

ఎందుకో చెప్పాక రాజేశ్ తానే గుడ్డ తెచ్చి ఆ దుమ్మంతా తుడిచి, బోర్డునూ ప్రాసెసర్‌నూ తువ్వాలలో చుట్టి ఇచ్చాడు.

గ్రాఫిక్స్ కార్డు మహబూబాబాద్‌లో జాల్యా దగ్గర దొరికింది. జాల్యాకు స్టేషన్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది, యుగేందర్‌కు పాత దోస్తు. నోటికి మూత లేని మనిషి. "లగ్గాలు తీసి తీసి, ఇగ డబ్బాలకు గూడ సంబంధాలు జూస్తున్నవా అన్నా?" అని నవ్వి కార్డు చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి బిగిస్తే ఫ్యాన్ తిరిగింది గానీ తెర మీద చీకటి తప్ప ఏమీ లేదు. మళ్లీ రైలెక్కాడు. ఈసారి జాల్యా నవ్వలేదు. ఫ్యాన్ విప్పి కింద చిప్పు మీది అక్షరాలు చదివాడు. "పేరొక్కటే గని అన్నా, లోపటి చిప్పు రెండు తీర్లు. మనకు గిది గాదు, గది గావాలె," అని అదే పేరున్న ఇంకో కార్డు వెతికి ఇచ్చాడు.

దాంతో తెర వెలిగింది. పాత డిస్కు గుర్తు మూలన కనిపించింది. నొక్కితే కల్పన పెళ్లి మిక్సింగ్ తెరుచుకుంది. సాహితి ఎగిరి గంతేసింది. ఆకుపచ్చ చీర మళ్లీ కదిలింది. కానీ ఈసారి సినిమా పాట కూడా వినిపించలేదు. పెట్టె మొత్తం మూగగా ఉంది.

ఫోన్లో జాల్యా ధైర్యం చెప్పాడు. "బోర్డు మీది సౌండ్ చిప్పు నీ సిస్టమ్‌కు పడ్తలేదన్నా. పరేషాన్ గాకు. బయటికెల్లి పెట్టేది సిన్నది ఒకటుంటది, నేనే తెస్త."

ఆ మాటతో యుగేందర్ కుదుటపడ్డాడు. తప్పు పెట్టెదే అయితే దిద్దుకోవచ్చు. సాహితి ఆ వారమంతా నాయనమ్మ దగ్గర మంగళహారతి నేర్చుకుంది. అమ్మ మొదలుపెడితే వెనకాల తాను అందుకోవాలని ఆ పిల్ల ఆశ. చిలుకమ్మకు సగం పాటే గుర్తుంది. మిగతా సగం అమ్మే చెబుతుందిలే అంది పిల్ల.

ఆదివారం పగటి రైలుకు జాల్యా వచ్చాడు. వేలెడంత సౌండ్ కార్డు వెనకాల గుచ్చగానే సినిమా పాట ఒక్కసారిగా మోగింది. అందరూ ఉలిక్కిపడి, తర్వాత నవ్వారు. ఆ ఇంట్లో అంత నవ్వు విని చాలా కాలమైంది. చిలుకమ్మ చేతులు కడుక్కుని వచ్చి తెర ముందు కూర్చుంది. యుగేందర్ సినిమా పాటను పట్టి పక్కకు లాగేశాడు. లత పెదవులు కదిలాయి. ఏమీ వినిపించలేదు.

జాల్యా తీగలు కదిపాడు. యుగేందర్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. తెర మీద బొమ్మను చూపే పట్టీ కింద, సౌండును చూపే పట్టీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో ఆ క్షణానే అతనికి గుర్తొచ్చింది.

టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు బొమ్మకో టిక్కు, సౌండుకో టిక్కు ఉండేవి. యుగేందర్‌కు పని నేర్పినవాళ్లు సౌండు టిక్కు తీసేయమనే నేర్పారు. ఎలాగూ పైన పాట వేస్తాం, కింద జనం గోల, జనరేటర్ చప్పుడు ఎందుకు, డిస్కు నిండటం ఎందుకు? తాళి కట్టే ఘట్టానికి మాత్రం బాజా కోసం టిక్కు ఉంచేవాడు. పని అయిపోయాక టేపును తర్వాతి పెళ్లికి వాడేవాడు. లత పాడిన మంగళహారతి మీద ఇంకెవరి పెళ్లో ఎక్కి చాలా ఏళ్లయింది. మదర్‌బోర్డు, కార్డు, చిప్పు అన్నీ కుదిరాయి. అతను వెతికినదే లేదు.

యుగేందర్‌కు ముందు ఏడుపు కూడా రాలేదు, సిగ్గేసింది. "లేదు బిడ్డా. అమ్మ పాట లేదు. నేనే తీసేసిన. తాళి కట్టేటప్పటి సౌండ్ ఒక్కటే ఉంచిన," అన్నాడు.

సాహితి తెర వైపే చూస్తూ మెల్లగా అడిగింది. "తాళి కట్టేటప్పటి సౌండ్ ఉన్నదంటివి గద. గందుల అమ్మ లేదా?"

డీవీడీలో ఆ ఘట్టం బాజాతోనే మొదలవుతుంది. దానికి ముందు ముక్కను అప్పట్లో పనికిరానిదని కోసేశాడు. డిస్కులో అది అలాగే ఉంది. వెతికి తీసి నొక్కాడు. కెమెరా ఊగుతోంది, జనం తోసుకుంటున్నారు. అక్షింతలు పట్టుకున్న ఆకుపచ్చ చీర ఒకటి అడ్డంగా వచ్చింది. వెంటనే కెమెరా వెనక నుంచి యుగేందర్ గొంతే, పడుచు గొంతు, గట్టిగా అరిచింది.

"లతా! జర పక్కకు జరుగు, అడ్డమొస్తున్నవ్!"

ఆమె వెనక్కి తిరిగింది. సూటిగా కెమెరాలోకి చూసి, "పక్కకే ఉన్న గద!" అంది. కాస్త బొంగురు గొంతు, చివర్న నవ్వు. అంతలో బాజా మోగింది. ఆమె పక్కకు తప్పుకుంది, మళ్లీ ఆ ముక్కలో కనిపించలేదు.

చిలుకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జాల్యా లేచి వాకిట్లోకి పోయాడు.

"మల్ల పెట్టు," అంది సాహితి. పెట్టాడు. మళ్లీ అంది. మళ్లీ పెట్టాడు. ప్రతిసారీ ముందు అతని అరుపు, వెనక ఆమె మాట. ఆ అరుపు వినలేక యుగేందర్ చెయ్యి అలవాటుగా కత్తెర గుర్తు మీదికి పోయింది. తన అరుపు కోసేస్తే లత మాట ఒక్కటే మిగులుతుంది.

సాహితి అతని చెయ్యి పట్టుకుంది. "కొయ్యకు బాపూ. నువ్వు పిలిస్తెనే గద అమ్మ పలికింది."

యుగేందర్ మౌస్ వదిలేసి, పిల్ల భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.